తాలింపు వాసన రాని వీధి

నమోదు 1. అప్పగింతకు పదమూడు రోజులు

తల్లీ, నీ పేరు తలుచుకుని మొదలుపెడుతున్నాను. చూసింది చూసినట్టు రాసే ధైర్యం ఇవ్వు.

అప్పగింత పూర్తయ్యేదాకా ప్రతి ఆరోగ్య కేంద్రంలోని కాపరీ రోజూ తన చేత్తో కాగితం మీద రాయాలని ఏలూరు నుంచి ఉత్తర్వు వచ్చింది. "యంత్రం విన్నది యంత్రం రాస్తుంది తాయారమ్మగారూ, మనిషి చూసింది మనిషే రాయాలి" అని మా జిల్లా డాక్టరు రెహానాగారు చెప్పారు. నా చదువు ఇంటర్ దగ్గర ఆగింది. తప్పులుంటే మన్నించాలి.

పొద్దున్నే దీపం పెట్టి, చలువ పెట్టె మూత తీసి ముల్లు చూశాను. ఐదు మీద ఉంది. రెండుకీ ఎనిమిదికీ మధ్య ఉంటే లోపలి మందులు బతికి ఉన్నట్టు. తర్వాత కప్పెక్కి కరెంటిచ్చే ఎండ పలకల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. కొల్లేరులోకి సముద్రం వచ్చి చేరినప్పటి నుంచి ఈ పని తప్పదు. ఒక్క రోజు మానేస్తే పలకలకి చూపు పోతుంది. కిందికి దిగి తెప్ప అంచున బియ్యప్పిండితో ముగ్గు పెట్టాను. నీళ్ల మీద ఊరు కదా, ముగ్గు సగం నాది, సగం చేపలది.

ముగ్గు పెట్టేది మూసేసిన గుమ్మం ముందు. పెద్ద జ్వరం వచ్చిన ఏడాది పదకొండు దేశాలు కూటమి కట్టి మాకు సాయం వచ్చాయి. కేంద్రానికి ఇంకో గుమ్మం తెరిచాయి. ఆ గుమ్మంలో మందులు, వెలుగు, చల్లగాలి. పాత గుమ్మంలో నేను, ఒక బల్ల, సాలెగూళ్లు. జనం నన్ను పలకరించి ఆ గుమ్మంలోకి వెళ్లేవారు. ఒకసారి తుఫానుకి కూటమివాళ్ల ఓడ రెండు నెలలు రాలేదు. ఆ రెండు నెలలూ ఊళ్లో ఒక్క బిడ్డకీ చుక్క మందు పడలేదు, ఎలా వేయాలో మాకెవరికీ తెలియదు కాబట్టి. ఓడ తిరిగి వచ్చినప్పుడు వాళ్లే సుత్తి పట్టుకుని తమ గుమ్మానికి చెక్కలు కొట్టేశారు. ఆ రోజు నుంచి మందైనా మనిషైనా నా గుమ్మంలోంచే వచ్చారు. పని నాతోనే చేయించారు. చెక్కలు అందించినవాళ్లలో జాంబియా నుంచి వచ్చిన చిలేషే ఒకతె. ఇప్పుడు వాళ్ల దేశంలో ఒక సరస్సు ఒడ్డున నాలాగే కాపరిగా ఉంది.

పొద్దున్నే మేమిద్దరం శ్రోతలో మాట్లాడుకుంటాం. శ్రోత అంటే మా గోడ మీది పెట్టె. ప్రతి ఇంటి మురుగు గొట్టంలోనూ వక్కంత యంత్రం ఒకటి ఉంటుంది. అవి చెప్పేది శ్రోత వింటుంది, జబ్బు జాడ తగిలితే మాకు చెబుతుంది. భాషలు కూడా మారుస్తుంది. తెలుగు నా దగ్గరే నేర్చుకుంది కాబట్టి చిలేషే మాటలు నాకు మా ఊరి యాసలో వినిపిస్తాయి.

"ఇంకో పదమూడు రోజులేనంటగా అక్కా. ఏడుస్తన్నావా?" అంది.

"నేనెందుకేడుస్తానే. నా గొంతు వినకపోతే నీకే పొద్దుపోదు."

"ఆయ్, అదీ నిజమేలే." జాంబియాలో కూర్చుని ఆయ్ అంటుంటే నవ్వాగలేదు.

పదమూడు రోజుల తర్వాత శ్రోత ఏలూరు చేతికి వస్తుంది. వినడం, తేల్చుకోవడం, మందు తయారుచేసి పంపడం అన్నీ మనవే. కూటమివాళ్ల మందుల గోదాము అప్పుడే ఖాళీ అయింది. "మరి మీరేం చేస్తారు?" అని అడిగాను.

"పక్కింటోళ్లలాగా ఉంటాం. పిలిస్తే పలుకుతాం. పిలవకపోతే ఇంకా సంతోషిస్తాం" అంది చిలేషే.

నమోదు 2. పదకొండు రోజులు

ఇవాళ ఇళ్లు చూసి వచ్చాను. మూడు వరుసలు, నలభై రెండు తెప్పలు. పదింటికి చిన్న పడవలో బయల్దేరాను. ఆ వేళకి ఊరంతా తాలింపు వేస్తూ ఉంటుంది. ఆవాల చిటపట, ఎండుమిరపకాయల ఘాటు, వెల్లుల్లి, కరివేపాకు. కళ్లు మూసుకుని హాజరు వేయవచ్చు.

"ఏంటత్తా, వాసన చూసుకుంటా పోతన్నావు? ఎక్కి రెండు ముద్దలు తిను" అని రెండో వరుసలో ఒక కోడలు పిల్ల పిలిచింది.

"పోయినసారి తిన్నదే ఇంకా అరగలేదమ్మా" అన్నాను. వాళ్లత్త లోపల నుంచి పకపకా నవ్వింది.

మూడో వరుస నాలుగో ఇంటి దగ్గర వాసన లేదు. అది హారికమ్మగారి ఇల్లు. ఆవిడకి డెబ్భై రెండేళ్లు, ఊరి పూజలన్నీ ఆవిడ చెప్పినట్టే జరుగుతాయి. గుమ్మానికి వేపరొట్ట కట్టి ఉంది. ఆవిడ బయటికి వచ్చి నన్ను చూసి పెదవి మీద వేలు పెట్టింది. లోపల కోడలు వీరవేణి జుట్టు విరబోసుకుని కూర్చుని, ఎనిమిది నెలల పాప లాస్యకి వేపమండతో విసురుతోంది.

పడవలోంచే దణ్ణం పెట్టుకుని తెడ్డు తిప్పాను. కొన్ని ఇళ్ల సంగతి బయటికి మోయకూడదు.

మూడో వరుస: అందరూ క్షేమం.

నమోదు 3. పది రోజులు

చలువ పెట్టె ముల్లు ఆరు. ఉప్పు తుడిచాను. ఇద్దరు గర్భిణులకి రక్తం చూశాను, బాగానే ఉంది. శ్రోత మూడు వరుసల మురుగూ శుభ్రమని చెప్పింది.

నీళ్లకని వెళ్తూ మూడో వరుస పక్కగా వెళ్లాను. ఇంకో రెండు ఇళ్లలో తాలింపు వాసన లేదు. మనసేమీ బాగాలేదు. లలితా సహస్రనామం చదువుకుంటుంటే రెండుసార్లు మధ్యలో మరిచిపోయాను.

మూడో వరుస: అందరూ క్షేమం.

నమోదు 4. తొమ్మిది రోజులు

నిన్నా మొన్నా మూడో వరుస గురించి నేను రాసింది అబద్ధం. ఈ పుస్తకంలో కొట్టివేతలు ఉండకూడదన్నారు కాబట్టి ఆ మాటలు అలాగే ఉంచుతున్నాను.

పిల్లల ఒంటి మీద చుక్కలు లేస్తే మా ఊళ్లో దాన్ని జబ్బు అనరు. అమ్మ వచ్చింది అంటారు. ఆ ఇంట్లో నూనె కాగబెట్టరు, తాలింపు వేయరు. ఆ ఘాటు అమ్మకి గిట్టదు. తల దువ్వుకోరు. సూది గుచ్చనివ్వరు. మూడో స్నానం పోసి అమ్మని సాగనంపేదాకా బయటివాళ్లకి చెప్పరు. చెబితే ఇంటికొచ్చిన తల్లిని వీధిలో పెట్టినట్టు. నాకు ఎనిమిదేళ్లప్పుడు అమ్మ వస్తే మా అమ్మ ఇవన్నీ పాటించింది, నేను బతికాను. అందుకే మొన్న ఆ ఇంటి ముందు తెడ్డు తిప్పినప్పుడు అది తప్పుగా తోచలేదు. భక్తి అనే అనుకున్నాను.

ఇవాళ పదింటికి మూడో వరుసలో పద్నాలుగు ఇళ్లలో ఆరింట తాలింపు లేదు. నీళ్ల మధ్య పడవ ఆపి కూర్చున్నాను. శ్రోతకి ఏమీ తెలియదు. ఆ చుక్కల జ్వరం జాడ మురుగులోకి రావడానికి వారం పడుతుందని శిక్షణలో చెప్పారు. ఏలూరుకి తెలియదు. పదకొండు దేశాలకి తెలియదు. నా ఒక్కదాని ముక్కుకి తెలుసు. తల్లీ, నువ్వు వచ్చింది నేను దాచడానికా అని అడిగాను. చెయ్యి తెడ్డు వేసింది.

హారికమ్మగారి గుమ్మం ముందు కాళ్లు కడుక్కుని నిలబడ్డాను.

"పాపని ఒక్కసారి చూస్తానండి."

"మూడో స్నానం కానీ. అప్పుడు చూద్దువుగాని."

"డొక్కలెగరేస్తోందాండి?"

లోపల నుంచి వీరవేణి అంది. "ఎగరేస్తందత్తా. పొద్దుటి నుంచి పాలు పట్టట్లేదు."

"నోర్ముయ్యవే" అంది హారికమ్మగారు. ఆ గొంతులో కోపం లేదు, భయమే ఉంది. పక్కకి జరిగి దారి ఇచ్చింది.

పాప ఒళ్లంతా ఎర్రటి చుక్కలు. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. మొదటి చుక్క లేచి ఇవాళ్టికి నాలుగో రోజు. ఆరో రోజు దాటకుండా మందు పడాలి. దాటితే ఊపిరితిత్తులు మందు మాట వినవు. పెద్ద జ్వరం ఏడాది నేను చూశాను.

"ఏలూరుకి కబురు చెబుతానండి" అన్నాను.

"అమ్మని ఆ గోడపిల్లకి పట్టిస్తావా తాయారూ? నువ్వా? శుక్రవారం శుక్రవారం నా పక్కన కూర్చుని కుంకుమ పూజ చేసేదానివి!" శ్రోతని ఆవిడ గోడపిల్ల అనే అంటుంది.

"పట్టివ్వడం కాదండి. పెద్ద చుట్టం వస్తే ఊరి పెద్దలకి చెప్పమా?"

"చెబితే పదిమంది చెప్పులేసుకుని దిగుతారు. సూదులు, అరుపులు."

"చెప్పులు నేను విప్పిస్తాను. సూది లేదు. నాలిక మీద మూడు చుక్కలు, అంతే. చలువ పెట్టెలోంచి తీసి వేసేది. వేడి చేసే వస్తువు కాదండి."

ఆవిడ పాప వంక చూసింది, నీళ్ల వంక చూసింది. "వచ్చినోళ్లెవరూ ఈ ఇంట్లో ఆ జబ్బు పేరు పలకకూడదు. పలికారా, తెడ్డుచ్చుక్కొడతా" అంది.

"పలకరండి."

కేంద్రానికి వచ్చి శ్రోత ముందు నిలబడి, "మూడో వరుసలో ఆరిళ్లలో తాలింపు లేదు" అన్నాను.

"తాలింపు వంటలో ఒక పని కదండీ తాయారమ్మగారూ. దాంతో నేనేం తెలుసుకోవాలో అర్థం కాలేదు" అంది.

మొత్తం చెప్పాను. రోజులతో సహా. అప్పుడు శ్రోత, "ఇది నాకు ఎవరూ చెప్పలేదండి" అంది.

"నేనే చెప్పలేదమ్మా" అన్నాను.

నమోదు 5. ఎనిమిది రోజులు

నిన్నటి సంగతీ ఇవాళ పొద్దుటి సంగతీ కలిపి రాస్తున్నాను. ఇంత పెద్దది రాయడానికి నాకు మాటలు చాలవు.

నేను చెప్పిన గంటలో ఏలూరు పడవ వచ్చింది. వచ్చిన ఇద్దరు నర్సులూ నేను చెప్పకముందే చెప్పులు పడవలో వదిలారు. ఆరిళ్లలో తొమ్మిది మంది పిల్లలు. ఉమ్మి తీసుకెళ్లారు. మధ్యాహ్నం ఒంటిగంటకి రెహానాగారు శ్రోతలో కనిపించారు.

"అదేనండి. మందు కూటమి ఓడలో ఉంది. ఓడ రావడానికి మూడు రోజులు పడుతుంది."

మూడు రోజులంటే లాస్యకి ఏడో రోజు.

"మనమే తయారుచేయాలి. తోడు మన దగ్గరుంది" అన్నారు.

తోడు అనేది నేను అర్థం చేసుకోవడానికి ఆవిడ ఎప్పుడో వాడిన మాట. కూటమి ప్రతి దేశానికీ మందు మూలం కొంచెం పంపింది. పక్కింటి నుంచి గరిటెడు పెరుగు తెచ్చుకుని మన పాలు మనం తోడుపెట్టుకున్నట్టే, దాన్ని మన కుండలో మనమే పెంచుకోవాలి. పద్దెనిమిది గంటలు పడుతుంది. ఏలూరువాళ్లు నేర్చుకున్నారు గానీ ప్రాణాల మీద పెట్టి ఒక్కసారీ చేయలేదు.

రెహానాగారు కూటమికి కబురు చేశారు. అప్పుడు శ్రోత పలక మీద కిటికీలు తెరుచుకోవడం మొదలైంది. ఒకటి, రెండు, నాలుగు, చివరికి పదకొండు. ఒక కిటికీలో తెల్లవారుతోంది. ఒకదాంట్లో మంచు కురుస్తోంది. ఒకాయన వెనక నుంచి ఆవు తల పెట్టి చూసి వెళ్లింది. ఒకామె దుప్పటి కప్పుకుని ఆవలిస్తూ కూర్చుంది, వాళ్లకి అది నిద్రవేళ. ఒకే క్షణంలో భూమి మీది అన్ని పూటలూ చూశాను. ఇంతమంది, ఇన్ని భాషలవాళ్లు, నీళ్ల మీద తేలే ఒక ఇంట్లోని ఎనిమిది నెలల పిల్ల ఊపిరి కోసం కూర్చున్నారు. నా చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి.

"మేమేం ముట్టుకోమక్కా. ముట్టుకుంటే రేపు మళ్లీ మా కోసం చూస్తారు. కానీ ఇక్కణ్ణించి లేవం" అంది చిలేషే.

నాలుగు గంటలు గడిచేసరికి కుండ కొలత పెరగాల్సినంత పెరగలేదు. రెహానాగారి ముఖం పాలిపోయింది. మంచు కిటికీలో ఐనో అనే పెద్దావిడ ఉంది. తెల్లటి జడ, మా అమ్మమ్మ వయసు. ఈ మందు పెంచడంలో అందరికన్నా ఆవిడది పెద్ద చెయ్యి అంటారు. అక్కడ కూర్చునే ఏలూరు కుండని నడపగలదు.

"ఐనోగారూ, మీరు తీసుకోండి. పసిపిల్లల ప్రాణం మీద నేను పని నేర్చుకోలేను" అన్నారు రెహానాగారు. ఆవిడ కళ్లలో నీళ్లు చూడటం అదే మొదలు.

"తీసుకోమంటే ఈ క్షణమే తీసుకుంటాను తల్లీ. అడగడం తప్పు కాదు. ఇంకో అరగంట ఆగినా కుండకేం కాదు. ముందొక సంగతి చెప్పు, ఆ కుండ చుట్టూ తిరిగే నీళ్లు ఎక్కడివి?"

రెహానాగారు వెనక్కి తిరిగి అడిగారు. వెనకెక్కడో ఒక మగ గొంతు, "రోజూలాగే కాలవలోంచి తోడామండి, మధ్యాహ్నం" అంది.

"మధ్యాహ్నమా? ఇవాళ పోటు మధ్యాహ్నమే కదయ్యా!" అంటూ రెహానాగారు కుర్చీలోంచి లేచిపోయారు. పోటు వేళ కాలవలోకి సముద్రం వస్తుంది. ఆ ఉప్పు గొట్టాల్లో పట్టి కుండకి అందాల్సిన వెచ్చదనం అందడం లేదు. గొట్టాలు కడిగి వాన నీళ్లు పోశారు. ఇరవై నిమిషాలకి కొలత కదిలింది.

పదకొండు కిటికీల్లోనూ ఒకేసారి ఊపిరి వదిలిన చప్పుడైంది. ఐనోగారు అద్దాలు తీసి తుడుచుకుంటూ, "మా ఊళ్లో పోటూ లేదు, ఉప్పూ లేదు. నేను తీసుకుని ఉంటే వేడి పెంచి పెంచి కుండ పాడుచేసేదాన్ని" అంది.

ఇవాళ పొద్దున ఏడింటికి మందు తయారైంది. మా జిల్లాలో, మా నీళ్లతో, మావాళ్ల చేతుల్లో.

నమోదు 6. ఏడు రోజులు

నిన్న పొద్దున తొమ్మిదింటికి మందు వచ్చింది. సీసా నా చిటికెన వేలంత. వెలుగులో పెట్టి చూస్తే లేత కొబ్బరినీళ్ల రంగు. ఇంత చిన్నదానిలోకి అంత పెద్ద లోకం ఎలా పట్టిందో నాకు అంతుపట్టలేదు.

రెహానాగారు స్వయంగా వచ్చారు. హారికమ్మగారు గుమ్మంలో పసుపు నీళ్ల గిన్నెతో నిలబడి ఉంది.

"కాళ్లు" అంది.

రెహానాగారు కడుక్కున్నారు.

"ఏ ఊరమ్మా మీది?"

"ఏలూరేనండి. తంగెళ్లమూడి."

"మీ ఇళ్లల్లో పిల్లలకిట్లా వస్తే ఏం చేస్తారు?"

"మా నానమ్మ గుమ్మానికి వేపాకే కట్టేదండి. గట్టిగా మాట్లాడితే ఊరుకునేది కాదు."

హారికమ్మగారు నా వైపు తిరిగి, "పర్లేదే, తెలిసిన పిల్లే" అంది.

మందు నేనే వేయాలన్నారు రెహానాగారు. తల్లిని తలుచుకుని మూడు చుక్కలు నాలిక మీద వేశాను. పాప ముఖం చిట్లించింది. అంతకుముందు పూట పాలు కూడా మింగలేదు, ఈ మూడు చుక్కలు మింగింది. తొమ్మిది మంది పిల్లలకీ పదకొండింటికల్లా వేసేశాం.

ఆ తర్వాత చేసేదేమీ లేదు, చూడటమే. వీరవేణి పాప పక్కనే, హారికమ్మగారు గుమ్మంలో, నేను తెప్ప అంచు చెక్క మీద. ఎముకల కింది గుంటని లెక్కపెడుతూ కూర్చున్నాను. నిమిషానికి అరవై ఎనిమిది. మధ్యాహ్నానికి అరవై ఒకటి. ఇవాళ పొద్దున యాభై. ఇవాళ పదింటికి పాప తల తిప్పి తల్లి రొమ్ము వెతుక్కుంది. వీరవేణి ఏడ్చిన ఏడుపు మూడు వరుసలకీ వినిపించింది. ఏమైందోనని జనం పడవలేసుకుని వచ్చారు. పాలు తాగుతున్న పిల్లని చూసి ఒక్కొక్కరే చేతులు జోడించారు.

ఎనిమిది మందికి పూర్తిగా నయమవుతుందని రెహానాగారు చెప్పారు. తొమ్మిదో పిల్లవాడు ఏడో ఇంటి రెండేళ్ల భార్గవ. చుక్కలు కంటిలోకి ముందే దిగాయి. ఎడమ కంటి చూపు సగమే ఉంటుందట. రెండు రోజుల ముందు మందు పడి ఉంటే? అని అడిగాను. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. "పూర్తిగా ఉండేది తాయారమ్మగారూ" అన్నారు.

ఆ రెండు రోజులు నావి.

నమోదు 7. మూడు రోజులు

అప్పగింతకు ముందు ప్రతి దేశం తన వ్యవస్థలో ఎక్కడ చిల్లు ఉందో అందరి ముందూ చెప్పాలి. అది కూటమి నియమం. మన చిల్లు నేను. ఈ పుస్తకంలోని రెండో నమోదు నుంచి ఆరో నమోదు వరకూ చదవమని రెహానాగారు అడిగారు. "మీకు ఇష్టం లేకపోతే నేను చదువుతాను. కానీ మీ గొంతులో వింటేనే వాళ్లకి అర్థమవుతుంది" అన్నారు.

నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారనే అనుకున్నాను. తీసేస్తే న్యాయమే. ఉతికిన చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని వెళ్లి కూర్చున్నాను. ఈసారి పలక మీద పదకొండు కాదు, లెక్క తెలియనన్ని కిటికీలు. అన్ని దేశాల కాపరులూ వచ్చారు. చదివాను. అందరూ క్షేమం అన్న మాటని రెండుసార్లూ రాసింది రాసినట్టే చదివాను. భార్గవ కన్ను దాకా చదివి తల దించుకున్నాను.

మొదట చిలేషే మాట్లాడింది. ఆ గొంతులో ఎప్పటి ఎగతాళి లేదు.

"మా దగ్గర ఆ ఇంటి పడవని బోర్లిస్తారక్కా. బోర్లించిన పడవ గురించి ఎవరూ అడక్కూడదు. నాలుగేళ్ల కిందట నేను అడగలేదు. ఐదు రోజులు. ఇద్దరు పిల్లలు పోయారు. ఇదే మొదటిసారి చెప్పడం."

తర్వాత కొండదేశం కాపరి ఒకాయన. వాళ్లు మేకల మెడలో గంటలు విప్పేస్తారట, చప్పుడుకి దేవత అలుగుతుందని. ఎడారి నుంచి ఒకామె, ఆ ఇంట్లో రొట్టెలో ఉప్పు వేయరంది. ఒక ద్వీపంలో గుమ్మం మీది తెర తిరగేసి కడతారు. ఒకచోట బావి మీద తెల్లగుడ్డ పరుస్తారు. ఒకచోట పిల్లలు పాటలు ఆపేస్తారు. ఒక్కొక్కరూ తమ గుర్తు చెప్పారు, ఆ వెంటనే తాము ఎన్ని రోజులు ఊరుకున్నారో చెప్పారు. మూడు. ఒకటి. తొమ్మిది. మధ్యాహ్నం భోజనం వేళ దాటింది, ఎవరూ లేవలేదు.

నేను అలా వింటూ కూర్చున్నాను. భూమి చుట్టూ ఇన్ని ఇళ్లలో, ఇన్ని పేర్లతో, ఒకే తల్లి వచ్చి వెళ్తోంది. అన్నిచోట్లా ఆడవాళ్లు గొంతు తగ్గించుకుంటున్నారు. ఏ యంత్రానికీ తెలియని ఈ భాష ఒకటి ప్రపంచమంతా ఉందని, నాకు అందులో ఒక్క ముక్క వచ్చని నాకు తెలియదు. ఒంట్లో ఏదో పాకినట్టయింది. గుళ్లో హారతి లేచినప్పుడు అలా ఉంటుంది.

చివర్లో రెహానాగారు మన ప్రభుత్వం తరఫున చెప్పారు. ఇకమీద మన కేంద్రాల్లో ఇళ్ల గుర్తులు కూడా శ్రోతకి చెప్పాలి. కాపరి ముందు ఆ ఇంటి పెద్ద అనుమతి అడగాలి. ఆ ఇంట్లో పలకకూడని పేరు ఎవరూ పలకకూడదు. ఈ నియమం రాసే పనిలో నేను కూర్చోవాలట. "నన్ను తీసేయరా అండి?" అని అడిగాను.

"తీసేస్తే ఆ వాసన ఎవరికి తెలుస్తుందండి?" అన్నారు. ఆ తర్వాత మెల్లగా, "భార్గవని నెలకోసారి కంటి డాక్టరుకి చూపించాలి. తీసుకెళ్లేది మీరే" అన్నారు.

సరేనన్నాను. అది శిక్షో దయో నేను అడగలేదు.

నమోదు 8. అప్పగింత తర్వాత మొదటి రోజు

నిన్న సాయంత్రం కూటమివాళ్లు సెలవు తీసుకున్నారు. పెద్దగా ఏమీ జరగలేదు. శ్రోత నమస్కారం చెప్పి, "ఇకమీద నేను ఏలూరు మాట వింటానండి" అంది. చిలేషే తమ ఊళ్లో సగ్గుబియ్యం దొరకవని దెబ్బలాడి, పాయసం ఎలా చేయాలో అడిగి మరీ వెళ్లింది.

పొద్దున నిద్ర లేవగానే గుండె బరువుగా ఉంది. ఎవరి అండా లేనట్టు, ఇంటికి పెద్దదాన్ని అయిపోయినట్టు. చలువ పెట్టె ముల్లు నాలుగు. ఏలూరు నుంచి కొత్త మందు ఇరవై సీసాలు వచ్చి ఉన్నాయి, మన ముద్రతో. ఎక్కడ పెట్టాలో రెండుసార్లు మార్చి మార్చి పెట్టాను.

తొమ్మిదిన్నరకి బయట పడవ తగిలిన చప్పుడైంది. చూస్తే హారికమ్మగారు. ఆవిడ మా కేంద్రం గడప తొక్కి ఎన్నాళ్లయిందో నాకు గుర్తు లేదు. గోడపిల్ల ఉన్న ఇంట్లోకి రానని ఒట్టు పెట్టుకున్న మనిషి. ఇవాళ కూడా లోపలికి రాలేదు. పడవలోనే నిలబడి, నడుం మీద చెయ్యి వేసుకుని పిలిచింది.

"తాయారూ! ఒకటో వరుస చివరిల్లు. పొద్దున లేచేసరికి పిల్లాడి చెవుల వెనక మూడు చుక్కలు."

"మీకెవరు చెప్పారండి?"

"ఎవరు చెబుతారు? ఊళ్లో అమ్మ ఎక్కడికొచ్చినా వేపాకుకి ముందు నా దగ్గరికేగా వస్తారు. నేనే చెప్పా, తాయారుకి చెబుతున్నానని."

"వాళ్లేమన్నారు?"

"తిట్టారు. పెద్దదానివి, నీకు మతి పోయిందా అన్నారు. తిట్టనీ. నా మనవరాలు బతికింది, ఆ మాట కూడా చెప్పా. ఆఖరికి ఆ ఇంటి పెద్ద సరేనంది." కళ్లు నీళ్ల వైపు తిప్పుకుని అంది. "అమ్మని అడిగానే. పొద్దున దీపం పెట్టినప్పుడు. చెప్పనా వద్దా అని."

"ఏమంది?"

"అది నీకెందుకు? పెట్టె తీసుకురా."

సీసా తీసి చేతిపెట్టెలో సర్దుకున్నాను. చెప్పులు అక్కడే వదిలాను. శ్రోతకి ఇంటి పేరు చెప్పాను. ఏలూరు నుంచి రెహానాగారి గొంతు వెంటనే పలికింది. "విన్నానండి. వెళ్లండి, నేను ఇక్కడే ఉన్నాను." ఆ గొంతు వెనక ఇంకే దేశమూ లేదు. అయినా నాకు భయం వేయలేదు.

పడవ ఎక్కేసరికి హారికమ్మగారు అప్పటికే తెడ్డు నీళ్లలో ముంచింది. నన్ను వేయనివ్వలేదు. డెబ్భై రెండేళ్ల చెయ్యి, నాకన్నా వేగంగా వేసింది.

పుస్తకం ఒళ్లో పెట్టుకుని పడవలోనే ఇది రాస్తున్నాను. ఒకటో వరుస, చివరి ఇల్లు, ఒక బాబు. మొదటి రోజు.